ఆనెకాయ అని రాసి పంపే నల్ల ముక్కలు: కోసే ముందు ఏం చూస్తున్నారు?

స్లైడు_మాస్టారు
బయాప్సీకి, అంటే ముక్క పరీక్షకి, మా ల్యాబ్‌కి వచ్చేది: అరికాలి మీద నల్లటి పెరుగుదల. ఫారం మీద రాసి ఉండేది రెండే మాటలు: "ఆనె, పాదం". వయసు ఉండదు, ఎన్నాళ్ళ నుంచి ఉందో ఉండదు, కుడికాలో ఎడమకాలో ఉండదు. డబ్బా మూత తీస్తే సెలైన్‌లో తేలుతూ మూడు ముక్కలు, మూడూ కాటరీతో (రక్తం ఆపడానికి కాల్చే పరికరం) మాడినవే. ఏదో ఒక ఊరి సంగతి కాదు, చర్మం ముక్కలు చూసే ఏ ల్యాబ్‌ని అడిగినా ఇదే చెప్తారు.

మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) అని తేల్చడం వరకు ఎలాగో తేలుస్తాం. సర్జన్‌కి కావలసింది బ్రెస్లో మందం. పైపొరలోని గ్రాన్యులర్ లేయర్ దగ్గర మొదలుపెట్టి, అన్నిటికన్నా లోతుకి దిగిన క్యాన్సర్ కణం దాకా నిలువుగా కొలిచే మిల్లీమీటర్ల లెక్క అది. ముక్క ఏటవాలుగా కోసినా, పైపైన చెక్కినా, అడుగు మాడినా ఆ కొలత రాదు. "కనీసం 1.4 మి.మీ., కింది అంచులో కణితి ఉంది" అని రాసి సంతకం పెట్టడమే. అసలు మందం 1.6 అయినా కావచ్చు, 5 అయినా కావచ్చు. ఆ రెండిటికీ వైద్యం ఒకటి కాదు.

కోసే ముందు అసలు ఏం చూస్తున్నారు? తిట్టడానికి అడగడం లేదు. సరే, కొంచెం తిట్టడానికే.

పీజీ_ఫస్టియర్
మాస్టారూ, మెలనోమా అనుమానం ఉంటే ముక్క తియ్యకూడదు, కత్తి తగిలితే పాకుతుంది అని వార్డులో అంటుంటారు. అందుకే అనుమానం ఉన్నా ఎవరూ ఫారం మీద రాయరేమో.

కత్తి_కుట్టు
పేషెంటు బంధువులు ఆ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. వార్డులో కూడానా? ముక్క పరీక్ష వల్ల మెలనోమా పాకిందన్నదానికి రుజువు లేదు తమ్ముడూ. ముక్క ఎలా తీశారన్నదే ముఖ్యం.

మచ్చ చిన్నదైతే మొత్తం తీసెయ్యాలి. చుట్టూ 1 నుంచి 3 మి.మీ. మామూలు చర్మం, కింద కొవ్వు కనబడేదాకా లోతు. మొదటిసారే అంతకన్నా వెడల్పుగా తీస్తే లింఫు దారులు చెదిరిపోతాయి, తర్వాత సెంటినెల్ నోడ్, అంటే క్యాన్సర్ మొదట చేరే లింఫు గ్రంథి, వెతకడం కష్టం. చేతులు, కాళ్ళ మీద కోత అవయవం పొడవునా ఉండాలి. అడ్డంగా కోస్తే రెండో ఆపరేషన్‌లో అనవసరంగా ఎక్కువ చర్మం పోతుంది, కుట్లు కలవవు. అరికాలు, ముఖం, గోరు దగ్గర పెద్ద మచ్చయి మొత్తం తీయడం కుదరకపోతే 4 మి.మీ. పంచ్ (గుండ్రటి బ్లేడుతో తీసే ముక్క) చాలు. బాగా దళసరిగా, బాగా నల్లగా ఉన్న చోట, కొవ్వు దాకా. నల్ల మచ్చకి షేవ్ (పైపైన చెక్కడం) వద్దు. కాటరీ అసలే వద్దు, రక్తం ఆగడానికి ఒక్క కుట్టు సరిపోతుంది.

మందులషాపు
కౌంటరు దగ్గర జరిగేది కూడా రాస్తా. "ఆనెకి బిళ్ళ ఇవ్వండి" అని అడిగితే ఇచ్చేది కార్న్ క్యాప్, అంటే 40% శాలిసిలిక్ యాసిడ్. అది వేసిన చోట చర్మం నాని తెల్లగా ఉబ్బుతుంది, కింద ఏముందో డాక్టరుకి కూడా కనబడదు. ఇక సున్నం, చాకలి సోడా కలిపి పుట్టుమచ్చ కాల్చుకోవడం, జీడి రసం పెట్టడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. పైన మాడి పక్కు కడుతుంది, మచ్చ పోయిందనుకుంటారు. వేరు కింద అలాగే ఉంటుంది. నల్లగా ఉన్నా, రక్తం కారుతున్నా కార్న్ క్యాప్ అమ్మకూడదన్నది మా షాపు రూలు.

చర్మం_మేడం
ఆనె, పులిపిరి, మెలనోమా మూడూ అరికాల్లో ఒకేలా కనిపించేది పైన దళసరి తోలు ఉన్నంతసేపే. 15 నంబరు బ్లేడుతో పైతోలు పలచగా చెక్కి చూడండి. అయిదు నిమిషాల పని.

ఆనె అయితే మధ్యలో గాజులా మెరిసే గట్టి కీలకం కనిపిస్తుంది, దాని మీద ఒత్తితే నొప్పి. పులిపిరి అయితే పాదం గీతలు దాని దగ్గర తెగిపోతాయి, చెక్కేకొద్దీ నల్ల చుక్కలు, ఆ చుక్కల్లోంచి సూది మొనంత రక్తం. పక్క నుంచి నొక్కితే నొప్పి ఎక్కువ. ఆటలాడేవాళ్ళ మడమల్లో గడ్డకట్టిన రక్తం నల్లగా కనిపిస్తుంది, అది చెక్కితే తోలుతో పాటే వచ్చేస్తుంది. చెక్కినా పోకుండా రంగు లోపలే ఉండి, ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమ, ఇంకో పక్క బూడిదరంగుగా అంచులు వంకరగా పాకుతుంటే ఇక చెక్కడం ఆపి పరీక్షకి పంపండి.

డెర్మోస్కోప్ (చర్మం చూసే లైటున్న భూతద్దం) ఉంటే ఇంకా తేలిక. పాదం మీద గట్లు, వాటి మధ్య కాలవలు ఉంటాయి కదా. గట్ల మీద చెమట రంధ్రాలు తెల్ల చుక్కల్లా వరసగా కనిపిస్తాయి, గట్టేదో కాలవేదో వాటితోనే గుర్తుపట్టాలి. రంగు కాలవల్లో ఉంటే మామూలు పుట్టుమచ్చ. గట్ల మీద ఉంటే మెలనోమా అనే అనుకోవాలి. రెండూ తేలకపోతే, మచ్చ 7 మి.మీ. దాటితే ముక్క తీయండి.

తెల్లతోలు పుస్తకాల్లోని ఏబీసీడీఈ (మచ్చ ఆకారం, అంచు, రంగు, సైజు, మార్పు అనే గుర్తులు) పట్టుకుని అరికాలికి వెళ్తే సగం కేసులు తప్పిపోతాయి. నలుపే లేని మెలనోమా కూడా ఉంటుంది. ఎర్రగా, పచ్చిమాంసంలా, ముట్టుకుంటే రక్తం కారుతూ ఉంటుంది. దాన్ని పయోజెనిక్ గ్రాన్యులోమా (క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ) అనో, షుగర్ పుండు అనో ఏళ్ళ తరబడి కట్లు కడతారు. పాదంలో 2 నెలలు దాటినా మానని ఏ పుండుకైనా ముక్క పరీక్ష కావాలి, పేషెంటుకి షుగర్ ఉన్నా సరే.

బ్రిస్బేన్_బావ
ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లో టీ షాపుల కన్నా స్కిన్ చెక్ క్లినిక్‌లు ఎక్కువ. పిల్లలు టోపీ లేకుండా స్కూలుకెళ్తే గ్రౌండ్‌లోకి రానివ్వరు. 1981 నుంచి చొక్కా వేసుకో, సన్‌స్క్రీన్ రాసుకో, టోపీ పెట్టుకో అని ఊదరగొడుతున్నారు. మీరెవరూ సన్‌స్క్రీన్ మాటే ఎత్తరేంటి?

చర్మం_మేడం
బావగారూ, అరికాలికి సన్‌స్క్రీన్ రాస్తే జారి పడతాం, అంతే. మెలనోమాలో అరికాలు, అరచెయ్యి, గోరు కింద వచ్చే రకానికి ఎండ కారణం కాదు. మనవాళ్ళలో, మొత్తం ఆసియాలోనే, మెలనోమాలో ముందు వరసలో ఉండేది అదే రకం. మీ దగ్గర తెల్లవాళ్ళకి వచ్చేది ఎండ తిన్న వీపు మీద, పిక్కల మీద. దాని జన్యువులు కూడా వేరు: అక్కడ దాదాపు సగం మందిలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది, అరికాలి రకంలో అది చాలా తక్కువ, కొందరిలో కిట్ అనే జన్యువులో మార్పు దొరుకుతుంది. సన్‌స్క్రీన్ వద్దనను. తెల్లమచ్చలు ముదిరినవాళ్ళకి, పుట్టుకతో రంగు లేనివాళ్ళకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి తప్పనిసరి. మిగతా మనవాళ్ళకి చూడాల్సిన చోటు వేరు.

బ్రిస్బేన్_బావ
తెల్లమచ్చలు అంటే బొల్లి ఉన్నవాళ్ళకి స్కిన్ క్యాన్సర్ ఎక్కువని లేదు కదా? నేను చదివిందాంట్లో తక్కువనే ఉంది.

చర్మం_మేడం
నిజమే, ఒప్పుకుంటా. బొల్లిలో మెలనోమా తక్కువేనని యూరప్ లెక్కలు. సన్‌స్క్రీన్ అక్కడ మచ్చ కాలకుండా ఉండడానికి. పుట్టుకతో రంగు లేనివాళ్ళ సంగతి మాత్రం ఖాయం, వాళ్ళకి చిన్న వయసులోనే ముఖం, చెవులు, మెడ మీద స్క్వేమస్ సెల్ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల క్యాన్సర్) వస్తుంది.

గోరింటాకు
గోరు మీద నల్ల గీత ఉంటే మెలనోమానా? ఇంట్లో నలుగురికీ ఉన్నాయి. నిద్ర పట్టట్లేదు.

చర్మం_మేడం
పడుకోండి. మన రంగు వాళ్ళకి చాలా గోళ్ళ మీద సన్నటి గీతలు మామూలే. భయపడాల్సింది ఒక్క గోటికే, అదీ పెద్దయ్యాక, కొత్తగా వచ్చిన గీతకి. బొటనవేలు అయితే ఇంకా జాగ్రత్త. 3 మి.మీ. కన్నా వెడల్పు, గోరు మొదట్లో వెడల్పుగా చివర సన్నగా ఉండడం, నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న తోలు మీదకి రావడం, గోరు చీలడం. ఇవి కనిపిస్తే గోరు మొదలు నుంచి ముక్క తీయాలి, కొస కత్తిరించి పంపితే ఏమీ తేలదు. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమైతే గోరుతో పాటే ముందుకి జరుగుతుంది. ఫోటో తీసి పెట్టుకుని 6 వారాలకి మళ్ళీ చూడండి. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే పడుతుంది, కాబట్టి కంగారుపడి రోజూ చూడక్కర్లేదు.

కత్తి_కుట్టు
జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది ఇదే. కాలి బొటనవేలు. 1977లో బయటపడింది, 1981లో పోయాడు, 36 ఏళ్ళకి.

పాదాల_పట్టిక
మెలనోమా దగ్గరే ఆగిపోతున్నారు. స్పర్శ పోయిన పాదాల్లో ఏళ్ళకేళ్ళు మానని పుండ్లు కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పుండులో వచ్చేది స్క్వేమస్ సెల్ క్యాన్సర్. పుండు గుంటలా ఉన్నంతకాలం ఒక లెక్క. గుంటలోంచి కాలిఫ్లవర్‌లా పైకి లేచి, అంచులు బయటకి తిరిగి, వాసన మారితే కథ మారినట్టే. నొప్పి తెలియని పాదం కాబట్టి పేషెంటు చెప్పడు, మనమే చూడాలి.

ఇక్కడ ముక్క పరీక్షే మోసం చేస్తుంది. పాత పుండు అంచులో పైపొర ఊరికే దళసరిగా పెరిగి, క్యాన్సర్ లాగే కిందికి వేళ్ళు దించుతుంది. పైపైన తీసిన చిన్న పంచ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. "క్యాన్సర్ లేదు" అని రిపోర్టు వస్తుంది, మళ్ళీ కట్లు మొదలు. అంచు నుంచి, మామూలు చర్మం కొంచెం కలుపుకుని, లోతుగా వెడ్జ్ (చీలికలాంటి ముక్క) తీయాలి. మధ్యలో కుళ్ళిన భాగం తీస్తే చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు. పాదం ఎక్స్‌రే కూడా తీయించండి, ఎముక తినేసిందా లేదా అన్నదాన్ని బట్టే కాలు నిలుస్తుందో లేదో.

స్లైడు_మాస్టారు
వందసార్లు కరెక్టు. నాకొచ్చేదాంట్లో కింది పొర ఉండాలి, లేకపోతే రెండిటినీ విడదీయలేను. రిపోర్టులో "లోతైన ముక్క మళ్ళీ పంపండి" అని రాస్తే దాన్ని "నెగెటివ్" అని చదువుకోకండి.

డ్రెస్సింగ్_రూం
కాలిన మచ్చల సంగతి నేను రాస్తా, ఎందుకంటే వాళ్ళు డాక్టర్ల కన్నా ముందు మా దగ్గరికే వస్తారు. చిన్నప్పుడు కాలింది, మోకాలి వెనకో మోచేతి మడతలోనో చర్మం అతకకుండా దానంతట అదే మానింది. ఆ మచ్చ పలచగా, నిగనిగలాడుతూ, కదిలినప్పుడల్లా చీలుతూ ఉంటుంది. సగటున ముప్ఫై ఏళ్ళకి అందులో పుండు పడి మానదు. పాత మచ్చలో పుట్టే ఈ క్యాన్సర్ పుండునే మార్జొలిన్ అల్సర్ అంటారు, 1828లో ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ ఇలాంటి పుండ్ల గురించి రాశాడు.

కట్టు కట్టేవాళ్ళు గమనించాల్సినవి: 3 నెలలైనా సైజు తగ్గకపోవడం, గాజుగుడ్డ తీస్తే ప్రతిసారీ రక్తం, ఎర్ర కండ అంచు మీదుగా పొంగడం, వాసన మారడం, కొత్తగా నొప్పి. సైజు కంటితో అంచనా వేయకండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు శుభ్రంచేసి పుండు మీద పెట్టి మార్కర్‌తో గీసి, తేదీ వేసి కేస్‌షీట్‌కి పిన్ చేయండి. రెండు వారాలకోసారి గీస్తే చాలు, మూడు కవర్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ సర్జన్ కూడా "ఇంకో నెల చూద్దాం" అనడు.

పీజీ_ఫస్టియర్
గజ్జల్లో బిళ్ళలు కడితే? ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కడతాయి కదా, మూడు వారాలు యాంటీబయాటిక్ ఇచ్చి చూడాలా?

డ్రెస్సింగ్_రూం
పాత పద్ధతి అదే. ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గనివ్వాలి కదా.

కత్తి_కుట్టు
మేడం, ఇక్కడ మీతో విభేదిస్తా. మూడు వారాలు ఆగాల్సిన పని లేదు. బిళ్ళ చేతికి తగిలితే అల్ట్రాసౌండ్ చూస్తూ సూది పరీక్ష అదే రోజు చేయొచ్చు. యాంటీబయాటిక్ ఇస్తే ఇవ్వండి, సూది మాత్రం ఆపకండి. మార్జొలిన్ మామూలు ఎండ క్యాన్సర్ లాంటిది కాదు. ఎండ వల్ల వచ్చే స్క్వేమస్ నూటికి అయిదు లోపే గ్రంథులకి పాకుతుంది, మచ్చలోంచి వచ్చింది అంతకు చాలా రెట్లు. కోత కూడా అందుకే ఎక్కువ: చిన్న, తక్కువ ప్రమాదం ఉన్న స్క్వేమస్‌కి చుట్టూ 4 నుంచి 6 మి.మీ. చాలు, మార్జొలిన్‌కి కనీసం 2 సెం.మీ., కింద ఫేషియాతో (కండరం మీది పొర) సహా. ఎముకలోకో కీలులోకో పోతే కాలు తీయడమే.

డ్రెస్సింగ్_రూం
సరే, సూది వెంటనే. యాంటీబయాటిక్ మాత్రం ఆపను.

పాదాల_పట్టిక
పుండుకి ముక్క నాలుగు వైపులా తీయండి, గడియారంలో 12, 3, 6, 9 అంకెల దగ్గర. క్యాన్సర్ ఒక్క మూలలోనే మొదలై ఉండొచ్చు.

చర్మం_మేడం
మన ఆడవాళ్ళ దగ్గర ఎవరూ చూడని చోటు ఒకటుంది. నడుము. లంగా బొందు ఏళ్ళ తరబడి ఒకే చోట బిగిస్తే మొదట నల్లటి పట్టీ, తర్వాత దురద, పొలుసు, చర్మం మొరటుబారడం. కొందరిలో చీలి, పుండై, స్క్వేమస్‌గా మారుతుంది. చాలా తక్కువమందికే, కానీ మారుతుంది. ధోవతి కట్టే మగవాళ్ళలో ఇదే సంగతిని 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి రాశారు. కాశ్మీర్‌లో కాంగ్రీ కుంపటి పొట్ట దగ్గర పెట్టుకునేవాళ్ళకి తొడల మీద, పొట్ట మీద వచ్చేది కూడా ఈ కుటుంబమే. ఒత్తిడి, రాపిడి, వేడి, ఏళ్ళు.

నల్లపట్టీ దశలో బొందు మానేసి వెడల్పు పట్టీ ఉన్న లంగా వాడమనండి, కట్టే ఎత్తు మార్చమనండి. పుండు పడితే పై పూతలు రాస్తూ కూర్చోకూడదు.

అడ్డచుట్ట
అయితే మా శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పు నోట్లో పెట్టి తాగేదీ ఇదే లెక్కలో వస్తుందా? అంగిలి కాలి క్యాన్సరొస్తుంది కదా.

చర్మం_మేడం
వేడి, పొగాకు రెండూ ఉన్నాయి అందులో. అంగిలి మాత్రం నోటి డాక్టర్లది. దారం తెగుతుంది, ఇంకో చోట మాట్లాడుకుందాం. మీ హ్యాండిల్ బాగుంది.

మందులషాపు
పూత అంటే గుర్తొచ్చింది. స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు తామర అనుకుని ఎర్రమచ్చలకి నెలల తరబడి రాస్తారు. బోవెన్ జబ్బు అలాగే దాగుతుంది. అది పైపొరకే పరిమితమైన స్క్వేమస్. ఎర్రగా, పొలుసుగా, అంచు స్పష్టంగా ఉండే ఒకే ఒక్క మచ్చ. స్టెరాయిడ్‌తో కొంచెం ఎరుపు తగ్గుతుంది, మచ్చ మాత్రం పోదు, మెల్లగా పెరుగుతుంది. తామరకి నెల మందు వాడినా తగ్గని ఒంటి మచ్చని డాక్టరుకి చూపించమని పంపండి.

5% ఇమిక్విమాడ్ క్రీం గురించి కూడా అడుగుతుంటారు. ఒక్కో సాషే 250 మి.గ్రా. పైపైన ఉన్న బేసల్ సెల్‌కి (పైపొర అడుగు కణాల క్యాన్సర్) వారానికి 5 రాత్రులు, 6 వారాలు. రాసి 8 గంటలు ఉంచి సబ్బుతో కడగాలి. ఎర్రబడి, పక్కుకట్టి, రసి కారుతుంది. మందు పనిచేస్తున్నప్పుడు కనబడేది అదే. అలర్జీ అనుకుని మధ్యలో ఆపేసేవాళ్ళే ఎక్కువ.

కత్తి_కుట్టు
ముక్కు మీద గడ్డలా లేచిన బేసల్ సెల్‌కి ఆ క్రీం రాసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పైన చర్మం మూసుకుంటుంది, కింద అది కంటి వైపో మృదులాస్థి వైపో పోతూనే ఉంటుంది. బ్రిటన్‌లో ఆపరేషన్‌నీ ఈ క్రీంనీ పోల్చి 5 ఏళ్ళు చూశారు: క్రీంతో 82.5% మందికి తిరిగి రాలేదు, ఆపరేషన్‌తో 97.7%. అదీ తక్కువ ప్రమాదం ఉన్న మచ్చల్లోనే.

మందులషాపు
అందుకే "పైపైన ఉన్న" అని రాశానన్నా. చదవండి.

పీజీ_ఫస్టియర్
మన ముఖాల మీద బేసల్ సెల్ ఎలా కనిపిస్తుంది? పుస్తకంలో ముత్యంలా మెరుస్తుంది, ఎర్రటి సన్న నాళాలు అంటారు. అలాంటిది కనబడదే.

చర్మం_మేడం
మనలో ఎక్కువగా నల్లది. పుట్టుమచ్చ అనుకుంటారు. వేళ్ళతో చర్మం సాగదీసి పక్క నుంచి టార్చి వెయ్యండి, నల్లటి గింజ చుట్టూ దారంలా పైకి లేచిన నిగనిగలాడే అంచు అప్పుడు కనిపిస్తుంది. ముఖం కడుక్కుంటే పక్కు ఊడి చుక్క రక్తం, మళ్ళీ పక్కు, మళ్ళీ రక్తం. నెలల తరబడి ఇదే. ముక్కు, కనురెప్ప, కంటి లోపలి మూల, చెవి ముందు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, వేరే అవయవాలకి పాకడం బహు అరుదు. చంపదు కానీ వదిలేస్తే ముక్కు తినేస్తుంది.

పెరిగే వేగమే సగం రోగనిర్ధారణ. ఏళ్ళలో పెరిగితే బేసల్, నెలల్లో పెరిగితే స్క్వేమస్. 4 నుంచి 6 వారాల్లో గుండ్రంగా లేచి మధ్యలో గట్టి బిరడా పెట్టినట్టుంటే కెరటోఅకాంతోమా. అది దానంతట అదే తగ్గగలదు, కానీ స్క్వేమస్ కాదని పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, కాబట్టి తీసెయ్యడమే.

అమ్మమ్మల బుగ్గల మీద మిరియపు గింజల్లా పదుల్లో ఉండే నల్ల బొడిపెలు మాత్రం క్యాన్సర్ కాదు. వాటికోసం ఎవరినీ భయపెట్టకండి.

లినాక్_గది
కరెంటు, అంటే రేడియేషన్ మాట ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. 80 ఏళ్ళ మనిషి, గుండె బలహీనం, ముక్కు పక్కన బేసల్ సెల్. అందరికీ కత్తే ఎందుకు? ఎలక్ట్రాన్ బీమ్‌తో 20 సిట్టింగుల్లో 50 నుంచి 55 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇస్తే నూటికి తొంభై మందికి పైగా అక్కడితో సరి. ఎలక్ట్రాన్ల డోసు చర్మం పైపొర దగ్గర కొంచెం తక్కువ పడుతుంది, అందుకే పైన అర సెం.మీ. నుంచి 1 సెం.మీ. బోలస్ (చర్మంలాంటి మెత్తటి పలక) పెడతాం. అది మర్చిపోతే కణితి పైభాగానికే మందు తక్కువైనట్టు. కంటి దగ్గరైతే రెప్ప కింద సీసం కవచం.

కత్తి_కుట్టు
80 ఏళ్ళకి ఒప్పుకుంటా. 50 ఏళ్ళ వాళ్ళకి కూడా కరెంటు పెట్టి పంపేవాళ్ళున్నారు. పదేళ్ళకి ఆ చర్మం పలచబడి, పాలిపోయి, మళ్ళీ వస్తే కోసినా మానదు.

లినాక్_గది
60 లోపు వాళ్ళకి నేనూ మొదటి వైద్యంగా ఇవ్వను. గోర్లిన్ సిండ్రోమ్ (బేసల్ సెల్స్ చాలా వచ్చే జన్యు జబ్బు) ఉంటే అసలు ఇవ్వను, కరెంటు పెట్టినచోటే కొత్త బేసల్ సెల్స్ మొలుస్తాయి. మోకాలి కింద మానడం కష్టం. స్క్లెరోడెర్మా (చర్మం బిగుసుకుపోయే జబ్బు) ఉన్నా దూరం. నరం వెంట పాకిన స్క్వేమస్‌కి ఆపరేషన్ తర్వాత మాత్రం మమ్మల్ని మర్చిపోకండి, ముఖంలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉందన్నవాళ్ళని ముందే ఎంఆర్ఐకి పంపండి.

పీజీ_ఫస్టియర్
మోస్ సర్జరీ గురించి? పుస్తకం అంతా అదే.

స్లైడు_మాస్టారు
మామూలుగా మేం ముక్కని రొట్టెలా నిలువుగా కోసి కొన్ని స్లైడ్లు చూస్తాం. అలా చూసేది మొత్తం అంచులో నూరో వంతు కూడా కాదు. మోస్‌లో 45 డిగ్రీల ఏటవాలుగా పళ్ళెంలా తీసి, అంచునీ అడుగునీ ఒకే తలంలోకి ఒత్తి, ఫ్రోజెన్ సెక్షన్‌లో (ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడు కోసి) అంచు మొత్తం చూస్తారు. మిగిలిన చోటే, మ్యాప్‌లో గుర్తుపెట్టి, మళ్ళీ తీస్తారు. ముఖం మీద బేసల్ సెల్‌కి నెదర్లాండ్స్‌లో 10 ఏళ్ళు చూస్తే తిరిగొచ్చింది మోస్‌తో 4.4%, మామూలు కోతతో 12.2%.

మన దగ్గర చేసేవాళ్ళు తక్కువ. దానికి మధ్యేమార్గం ఉంది: సర్జన్ 4 మి.మీ. అంచుతో తీసి, 12 గంటల వైపు ఒక కుట్టు వేసి పంపితే, నేను అంచులన్నీ పరిచి పారాఫిన్ మైనంలో పెట్టి చూస్తా. రెండు మూడు రోజులు కట్టుతో ఉంచి, రిపోర్టు వచ్చాక ఫ్లాప్ (పక్క చర్మం తిప్పి కప్పడం) వెయ్యండి. రిపోర్టు రాకముందే ఫ్లాప్ తిప్పేస్తే, అంచులో మిగిలి ఉందని నేను చెప్పినా ఆ అంచు ఎక్కడికి పోయిందో మీరే చెప్పలేరు.

కత్తి_కుట్టు
రెండు రోజులు ముక్కుకి రంధ్రంతో ఉండమంటే పేషెంటు గోడ దూకి పోతాడు మాస్టారూ. ముందే చెప్పి ఒప్పిస్తేనే ఇది నడుస్తుంది.

పీజీ_ఫస్టియర్
మెలనోమాకి మళ్ళీ వస్తా. బ్రెస్లో వచ్చాక లెక్క ఏంటి?

కత్తి_కుట్టు
పైపొరలోనే ఉంటే అర సెం.మీ. నుంచి 1 సెం.మీ. అంచు. 1 మి.మీ. లోపు మందానికి 1 సెం.మీ. 1 నుంచి 2 మి.మీ. అయితే 1 లేదా 2 సెం.మీ. 2 దాటితే 2 సెం.మీ. అంతకన్నా వెడల్పుగా కోసినా ఆయుష్షు పెరగదు. మడమ మీద ఒట్టి గ్రాఫ్ట్ (వేరే చోటి పలచటి చర్మం) వేస్తే నడిచేసరికి అరుగుతుంది, పాదం లోపలి వంపు నుంచి మీడియల్ ప్లాంటార్ ఫ్లాప్ తిప్పాలి.

0.8 మి.మీ. దాటినా, పైన పుండు పడ్డా సెంటినెల్ నోడ్ గురించి ఆలోచించాలి. 1 మి.మీ. దాటితే చేయాలి. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం, నీలం రంగు రెండూ వాడి మొదటి గ్రంథి పట్టుకోవడం. అందులో కొద్దిగా క్యాన్సర్ కనిపించినా గజ్జ మొత్తం ఖాళీ చేయనక్కర్లేదని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది, అల్ట్రాసౌండ్‌తో చూసుకుంటూ పోవచ్చు. అల్ట్రాసౌండ్‌కి వస్తూ పోతూ ఉండేవాళ్ళకే సుమా. చేతికే తగిలే బిళ్ళ ఉండి సూదిలో తేలితే మాత్రం పూర్తిగా తీయాల్సిందే.

లినాక్_గది
ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందుల గురించి రెండు మాటలు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అమెరికాలో 2014లో వచ్చాయి. గ్రంథులకి పాకినవాళ్ళకి ఆపరేషన్ తర్వాత ఏడాది ఇస్తారు. అరికాలి రకం వీటికి లొంగేది తక్కువ, తెల్లవాళ్ళ లెక్కలు చూపించి ఆశ పెట్టకండి. తల, మెడ క్యాన్సర్‌లో ముంబై టాటా వాళ్ళు 3 వారాలకోసారి 20 మి.గ్రా. తక్కువ డోసు నివోలుమాబ్‌తో ఫలితం చూపించారు. దాన్ని మెలనోమాకి అలాగే ఎత్తిపెట్టడానికి అంత రుజువు లేదు.

ఈ మందు వాడేవాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర లోపెరమైడ్ మింగి ఊరుకోకూడదు. పేగు మీద రోగనిరోధక దాడి అయి ఉండొచ్చు, స్టెరాయిడ్ కావాలి, ఆలస్యమైతే పేగు చిల్లు పడుతుంది. దగ్గు, ఆయాసం, ఒక్కసారిగా షుగర్ పెరగడం, విపరీతమైన నీరసం కూడా అంతే. మందు ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు.

మేనరికం_వద్దు
పిల్లల గురించి కూడా రాయండి. రెండేళ్ళు నిండకముందే ముఖం నిండా నల్ల చుక్కలు, ఎండలోకి వస్తే కళ్ళు తెరవలేకపోవడం.

చర్మం_మేడం
జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ వల్ల డీఎన్ఏకి తగిలిన దెబ్బని బాగుచేసుకునే జన్యువు సరిగా పనిచేయదు. తల్లికీ తండ్రికీ ఒక్కో చెడు ప్రతి ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగో వంతు అవకాశం. మేనరికాల్లో అందుకే ఎక్కువ. పదేళ్ళ లోపే మొదటి చర్మ క్యాన్సర్ రావచ్చు. తల నుంచి కాళ్ళ దాకా మందపాటి బట్ట, పక్కలు మూసిన కళ్ళజోడు, కిటికీలకి యూవీ ఫిల్మ్, 3 నెలలకోసారి చర్మం, కళ్ళు, నాలుక చివర పరీక్ష. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి బయట నుంచి ఇవ్వాలి. తర్వాతి కాన్పుకి ముందే జన్యు పరీక్ష గురించి చెప్పండి.

బ్రిస్బేన్_బావ
ఇక్కడ నికోటినమైడ్ మాత్రలు తెగ మింగుతారు. పనికొస్తాయా?

చర్మం_మేడం
500 మి.గ్రా. రోజుకి రెండుసార్లు. ఇప్పటికే బేసల్, స్క్వేమస్ వచ్చి పోయినవాళ్ళలో కొత్తవి 23% తగ్గాయని మీ ఆస్ట్రేలియా వాళ్ళే 2015లో చూపించారు. అవయవ మార్పిడి వాళ్ళలో తర్వాత చూస్తే ఉపయోగం కనబడలేదు. మెలనోమాకి సంబంధం లేదు. నికోటినిక్ యాసిడ్ వేరు, అది మింగితే ముఖం ఎర్రబడి మంటెత్తుతుంది. మందులషాపు అన్న గారూ, ఆ రెండూ కలిపేయకండి.

మందులషాపు
మాకు అక్షరాలొచ్చు మేడం :)

ఆశా_కార్యకర్త_చెల్లి
ఊళ్ళో ఇలాంటివి కనిపిస్తే ఎక్కడికి పంపాలి? డబ్బు లేనివాళ్ళు.

పాదాల_పట్టిక
తెలంగాణ అయితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, ఉత్తరాంధ్ర అయితే విశాఖ అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ, అటువైపు ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు వస్తాయి. ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్ళమనండి. మొదటి ముక్క జిల్లాలోనే తీస్తే రిపోర్టు ఒక్కటే కాదు, పారాఫిన్ బ్లాక్ కూడా పేషెంటు చేతికి ఇవ్వాలి. అక్కడ మళ్ళీ చూస్తారు, బీరాఫ్, కిట్ పరీక్షలు దానిమీదే చేస్తారు.

పీజీ_ఫస్టియర్
ఫార్మలిన్ ఎంత పొయ్యాలి మాస్టారూ? సెలైన్ ఎందుకు పోస్తున్నారంటారు?

స్లైడు_మాస్టారు
ముక్కకి పదింతలు, 10% బఫర్డ్ ఫార్మలిన్. బొబ్బల జబ్బులకి ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే రంగుతో చేసే పరీక్ష) ముక్క సెలైన్‌లో పంపుతారు, అది చూసి చర్మం ముక్కలన్నిటికీ అదే అనుకుంటున్నారు. సెలైన్‌లో ఒక రాత్రి ఉంటే కణాలు కుళ్ళడం మొదలవుతుంది. డబ్బా మూత కన్నా డబ్బా మీదే పేరు రాయండి, మూతలు మారిపోతాయి. మెడ సన్నటి సీసాలో పెద్ద ముక్క దూర్చకండి. లోపలికి మెత్తగా పోతుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాలి.

ఆశా_కార్యకర్త_చెల్లి
బ్లాక్ అంటే మైనంలా ఉండే చిన్న బిళ్ళేనా సార్? మే నెలలో బస్సులో పంపితే ఏమన్నా అవుతుందా?

స్లైడు_మాస్టారు
అదేనమ్మా. 56 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు ఎండకి ఏం కాదు కానీ కారు డ్యాష్‌బోర్డు మీద, బస్సు ఇంజను పక్కన పెట్టొద్దు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది మధ్య పెట్టి, నంబరు కనబడేలా, బ్యాగులో రిపోర్టు ఫైలుతో పాటు. ఫ్రిజ్ అక్కర్లేదు.